బరిలోకి దిగని ఐదుగురు రాజులు

ఇప్పలకోన అడవిలో ఎలుగుబంటి బొద్దయ్య, ముళ్ళపంది సూదమ్మ, కొండముచ్చు తోకరాజు ఇరుగుపొరుగు. ఆ కోనలో పూలు బాగా రాలే ఇప్పచెట్టు ఒక్కటే మిగిలింది. ఇప్పపూలంటే బొద్దయ్యకు ప్రాణం. సూదమ్మ పిల్లలకు వేసవిలో అవే తిండి.

నిరుడు ఆ పూల కోసం ఇద్దరూ కొట్టుకున్నారు. బొద్దయ్య ముక్కు నిండా ముళ్ళు దిగాయి. సూదమ్మ కుంటుకుంటూ ఇంటికి చేరింది.

"ఈసారి కొట్లాట వద్దు. ఆటలో తేల్చుకోండి. గెలిచినవారివే ఈ ఏటి పూలన్నీ," అన్నాడు తోకరాజు. అడవి చూడడానికి వచ్చినవాళ్ళెవరో మరిచిపోయిన ట్యాబ్ అతని దగ్గర ఉంది. అందులో 'భూతాల బరి' అనే కార్డుల ఆట ఉంది.

తోకరాజు నియమాలు చదివాడు. "ఒక్కొక్కరు ఐదు భూతాలను ఎంచుకోవాలి. ఎదుటివారి కోటను ముందు కూల్చినవారిదే గెలుపు. భూతం బరిలోకి దిగాలంటే నిప్పురవ్వలు కావాలి. చిన్న భూతానికి ఒకటి చాలు. రాజభూతానికి ఐదు కావాలి. మొదట చెరో రెండు రవ్వలు ఇస్తారు. ఆ తర్వాత..."

"చాల్లే బావా, చెవులు నొప్పెడుతున్నాయి!" అంటూ బొద్దయ్య ట్యాబ్ లాక్కున్నాడు. కిరీటాలున్న కార్డులే ఏరుకున్నాడు. పిడుగుల రాజు, మంచు రాజు, సుడిగాలి రాజు... ఐదుకు ఐదూ రాజులే.

సూదమ్మ మాత్రం అడిగింది. "ఆ తర్వాత ఏమిటి అన్నయ్యా?"

"చిన్న భూతాలు మిగతా రవ్వలు ఏరి తెస్తాయి."

సూదమ్మ వేళ్ళు మడిచి లెక్క వేసుకుంది. రెండు మిణుగురు భూతాలు, ఒక జిగురుకప్ప, కోట కాయడానికి ఒక బండతాబేలు, చివరికి ఒక్క కొమ్ముల రాజు. ఇదీ ఆమె జట్టు.

బొద్దయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఇదేం జట్టే కోడలా! పెళ్ళికొడుకు ఒక్కడు, మిగతా అంతా వంటవాళ్ళే!"

"మీ జట్టులో ఐదుగురూ పెళ్ళికొడుకులే మామా. మరి వండేదెవరు? రెండు రవ్వల్లోంచి ఐదు ఎలా తీస్తారు?"

"రాజులకు లెక్కలేమిటే? నొక్కితే దిగుతారు!"

ఆట మొదలైంది. బొద్దయ్య పిడుగుల రాజును నొక్కాడు.

"రవ్వలు చాలవు," అంది ట్యాబ్.

మంచు రాజును నొక్కాడు. "రవ్వలు చాలవు."

"లేవరా! పూలు పోతాయి, లేవరా!" అని అరిచాడు. ఐదుగురు రాజులూ బరి అంచున నిలబడి మీసాలు దువ్వుకుంటున్నారు.

ఈలోగా సూదమ్మ తన రెండు రవ్వలతో దించిన మిణుగురులు ఇంకా రవ్వలు ఏరుకొచ్చాయి. ఆ రవ్వలతో కప్ప దిగింది. అది గెంతినప్పుడల్లా బొద్దయ్య కోటలో ఒక రాయి ఊడింది. కోట కాయడానికి దిగిన తాబేలుకు పనే దొరకలేదు. అది హాయిగా కునుకు తీసింది. చివరికి ఐదు రవ్వలు పోగయ్యాయి. కొమ్ముల రాజు దిగి ఒక్క కుమ్ము కుమ్మాడు. కోట కూలింది.

"అన్యాయం!" బొద్దయ్య చిందులు తొక్కాడు. "నా రాజుల్లో ఒక్కడికైనా దెబ్బ తగిలిందా? ఒక్కడైనా కింద పడ్డాడా?"

"లేదు బావా," అన్నాడు తోకరాజు. "వాళ్ళంతా క్షేమం. కోట ఒక్కటే పోయింది."

ఆ వేసవిలో సూదమ్మ పిల్లలు ఇప్పపూలు తిని బంతుల్లా తయారయ్యారు. బొద్దయ్య పూల వాసన తగలకుండా ముక్కు మూసుకుని, చెదపుట్టలు తవ్వుకుంటూ రోజులు గడిపాడు.

నీతి: అందరూ గొప్పవాళ్ళే ఉంటే జట్టు కాదు, చిన్న పనులు చేసేవారు ఉంటేనే గొప్పవాడి బలం బరిలోకి దిగుతుంది.