అరుగు దిగని వైద్యుడు

అనగా అనగా, మన తాతల తాతలు ఇంకా పుట్టని కాలంలో, చంద్రవాటి అని ఒక రాజ్యం ఉండేది. దాన్ని ఏలే జయసేన మహారాజు దయగలవాడు. బీదసాదల కోసం నగరం నడుమ ఒక వైద్యశాల కట్టించాడు. అక్కడ మందు ఊరికే ఇచ్చేవారు.

ఆ వైద్యశాలకు పెద్ద భైరవశర్మ. గడ్డలు కోసి మాన్పడంలో అతన్ని మించినవాడు చుట్టుపక్కల రాజ్యాల్లో లేడు. చెయ్యి మంచిదే, నోరే మంచిది కాదు.

అతను ఎత్తైన అరుగు మీద కూర్చునేవాడు. రోగులు కింద ముంగిట్లో వరుసగా నిలబడాలి. వంతు రాగానే, ఉన్నచోటి నుంచే, అందరికీ వినబడేలా తమ రోగమేమిటో కేకవేసి చెప్పాలి. అతను అరుగు దిగకుండానే మందు పేరు చెప్పేవాడు. పని చకచకా సాగిపోయేది. అదే తన ఘనత అనుకునేవాడు.

ఆ నగరంలో నాంచారమ్మ అని బుట్టలు అల్లుకుని బతికే మనిషి ఉండేది. ఆమెకు రొమ్ములో చిన్న గడ్డ లేచింది. మొగుడు పెంచలయ్యకు కూడా చెప్పుకోలేక, ఒక్కతే వైద్యశాలకు వెళ్ళింది.

వంతు వచ్చింది. ముందూ వెనకా మగవాళ్ళు. ఆమె అరుగు దగ్గరికి వెళ్ళి మెల్లగా ఏదో చెప్పబోయింది.

"అక్కడే నిలబడు. నోట్లో ఏమైనా పెట్టుకున్నావా? గట్టిగా చెప్పు" అన్నాడు వైద్యుడు.

వరుసలో కొందరు నవ్వారు. నాంచారమ్మ తల వంచుకుంది. "తలనొప్పయ్యా" అంది. నుదుటికి అరగదీసి పట్టు వేసుకోమని శొంఠి కొమ్ము ఇచ్చి పంపారు.

కొన్నాళ్ళకు గడ్డ పెరిగింది. మళ్ళీ వెళ్ళింది. "అయ్యా, ఒక్కసారి పక్కకు వస్తే చెప్పుకుంటాను" అని చేతులు జోడించింది.

"రాణివాసం నుంచి వచ్చావా, పక్కకు రమ్మంటున్నావు? ఊరికే ఇచ్చే మందుకు ఇన్ని షోకులా? చెబితే చెప్పు, లేకపోతే దారి వదులు" అన్నాడు భైరవశర్మ.

ఈసారి ఇంకా ఎక్కువమంది నవ్వారు. ఆమె "కడుపునొప్పి" అంది. వాము పొడి చేతిలో పెట్టారు. దారంతా ఏడుస్తూ ఇల్లు చేరింది.

ఆ నెలలోనే మహారాజు వైద్యశాల చూడవచ్చాడు.

"ప్రభూ, తమ చల్లని పాలనలో ప్రజలకు తలనొప్పి, కడుపునొప్పి తప్ప పెద్ద రోగమే లేదు" అన్నాడు భైరవశర్మ.

అబద్ధమాడలేదు పాపం, అతని చెవిన పడినవి అవే. రాజు పొంగిపోయి మెడలోని ముత్యాలహారం తీసి ఇచ్చాడు. ఒక్క పూట ఆ వరుసలో నిలబడి ఉంటే పొంగేవాడు కాడు. కానీ రాజులు వరుసల్లో నిలబడరు కదా.

మూడోసారి నాంచారమ్మ నడిచి రాలేదు. పెంచలయ్య ఆమెను భుజాన వేసుకుని తెచ్చాడు. వంతు కోసం ఆగలేదు.

"అయ్యా, నా పెళ్ళాం రొమ్ములో గడ్డ పగిలింది. చెప్పడానికి దానికి సిగ్గు, నాకు లేదు. మీరు కిందికి దిగి చూడాలి" అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. వైద్యుడు అరుగు దిగాడు. చూశాడు.

"మొదట్లో అయితే ఒక్క పూటలో కోసి మాన్పేవాణ్ణి. ముందే ఎందుకు రాలేదమ్మా?" అన్నాడు.

నాంచారమ్మ కళ్ళు తెరిచింది. "వచ్చానయ్యా. రెండుసార్లు వచ్చాను. ఒకసారి తలనొప్పన్నాను, ఒకసారి కడుపునొప్పన్నాను. ఇంతమంది మగవాళ్ళ ముందు ఇది చెప్పడానికి నోరు రాలేదు. తమరు దగ్గరికి రానివ్వలేదు."

ఆ మాటల్లో కోపం లేదు. అదే అతన్ని ఎక్కువ బాధపెట్టింది. తనకు తెలిసిన మందులన్నీ వేశాడు. ఏదీ పనిచేయలేదు. పొద్దు వాలకముందే ఆమె కన్నుమూసింది. మాన్పగలిగినవాడు అంత దగ్గరలో ఉండి కూడా ఆమె బతకలేదు. తలచుకుంటే గుండె తరుక్కుపోతుంది.

మర్నాడు వరుసలో మొదటివాడు ఎప్పటిలాగే "తలనొప్పి" అని కేకవేశాడు. భైరవశర్మ అరుగు దిగి అతని దగ్గరికి వెళ్ళాడు. భుజం మీద చెయ్యి వేసి, "నిజంగా తలనొప్పేనా నాయనా?" అని మెల్లగా అడిగాడు.

ఆ మనిషి ఒకసారి చుట్టూ చూశాడు. తర్వాత వైద్యుడి చెవిలో ఏదో చెప్పి, వెక్కి వెక్కి ఏడ్చాడు. భైరవశర్మ రెండోవాడి దగ్గరికి వెళ్ళాడు. తర్వాత మూడోవాడి దగ్గరికి. సాయంత్రం దాకా ఒక్కొక్కరి పక్కనే నిలబడి విన్నాడు. ఆ వరుసలో తలనొప్పితో వచ్చినవాడు ఒక్కడూ లేడు.

కాబట్టి పిల్లలూ, మందు ఊరికే ఇచ్చినా, మర్యాద ఇవ్వకపోతే ఆ మందు రోగికి అందదు.