రిజల్యూట్ పేరయ్య

గోదావరి పాయ మీద మరపడవ నడిపే పేరయ్య మంచివాడే గాని, ఒకసారి అన్న మాటను ఎవరు చెప్పినా మార్చుకునేవాడు కాదు.

ఒక వానాకాలం సాయంత్రం నడి ఏట్లో అతని పడవ ఇంజను ఆగిపోయింది. జనం ఏడుపు అందుకున్నారు. పేరయ్య మాత్రం కంగారు పడలేదు. ముందు తెడ్డు వేశాడు. ప్రవాహం లాగేస్తుంటే తెడ్డు వదిలి గెడ అందుకున్నాడు. గెడకు నేల తగలకపోయేసరికి, పడవ తాడు నడుముకు కట్టుకుని నీళ్లలోకి దూకాడు. ఈదుకుంటూ వెళ్లి ఒడ్డు మీది చెట్టుకు తాడు బిగించాడు. ఆ తాడుతో పడవను ఒడ్డుకు లాగాక అందరూ క్షేమంగా దిగారు.

ఆ పడవలో హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పే ఎస్తేరు టీచరుగారు కూడా ఉన్నారు. "నీలాంటివాణ్ణి ఇంగ్లీషులో రిజల్యూట్ అంటారు పేరయ్యా. అంటే దృఢ సంకల్పం ఉన్నవాడని," అన్నారావిడ.

పేరయ్యకు ఆ మాట తెగ నచ్చింది. దాన్ని ఎక్కడ పడితే అక్కడ వాడేవాడు. "జ్వరంగా ఉంది, చన్నీళ్లు పోసుకోకయ్యా," అని భార్య నూకరత్నం అంటే, "పోసుకుంటానన్నాను, పోసుకుంటాను. నేను రిజల్యూట్‌ని!" అనేవాడు. సందులో ఎదురొచ్చిన బండికి దారి ఇవ్వమన్నా అదే జవాబు. నూకరత్నం తల పట్టుకునేది.

శ్రావణంలో ఒక పెళ్లివారు పడవ మాట్లాడుకున్నారు. ముహూర్తానికి ముందే అవతలి రేవులో దించుతానని పేరయ్య మాట ఇచ్చాడు. తీరా బయల్దేరే వేళకు గాలి తిరిగింది. ఏట్లో అలలు లేచాయి. నూకరత్నం రేవులోకి పరుగెత్తుకొచ్చింది.

"కాస్త ఆగయ్యా! గాలి తగ్గాక వెళ్దువుగాని."

"ఆగుదాం బాబూ. ఆలస్యమైతే ఇంకో ముహూర్తం చూసుకుంటాం," అన్నాడు పెళ్లికూతురి తాత.

"మాటిచ్చాను. మార్చను," అంటూ పేరయ్య ఇంజను తిప్పాడు.

నడి ఏట్లో పెద్ద అల పడవను పక్కనుంచి కొట్టింది. తాత పట్టు తప్పి నీళ్లలో పడ్డాడు. పేరయ్య వెంటనే దూకి ఆయన్ని పైకి తెచ్చాడు. ప్రాణం దక్కింది గాని, పడవ అంచు తగిలి ముసలాయన చెయ్యి విరిగింది. మనవరాలి పెళ్లి చూడవలసినవాడు ఆసుపత్రిలో పడుకున్నాడు. ఆయన్ని వదిలి ఎవరూ పెళ్లిపీటల దగ్గరికి వెళ్లలేకపోయారు. ముహూర్తం దాటిపోయింది.

పేరయ్యకు అన్నం సహించలేదు. టీచరుగారి ఇంటికి వెళ్లి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"మీరు నాకు తప్పు మాట చెప్పారండి," అన్నాడు.

"మాట తప్పు కాదు. నువ్వు వాడిన చోటు తప్పు," అన్నారావిడ నెమ్మదిగా. "ఇంజను ఆగిపోయిన రోజున నీ మనసులో ఏముంది?"

"జనాన్ని ఒడ్డుకు చేర్చాలని ఉందండి."

"అందుకే ఒక పద్ధతి కుదరకపోతే ఇంకో పద్ధతి చూశావు. జనాన్ని మాత్రం వదల్లేదు. మరి పెళ్లివారిని ఎక్కించుకున్న రోజున?"

"నా మాటే నెగ్గాలనుకున్నానండి."

"దానికి ఇంగ్లీషులో వేరే మాట ఉంది, అబ్‌స్టినేట్ అని. తెలుగులో నీకు తెలిసిందే, మొండి."

కొన్నాళ్లకు సంతకు వెళ్లే జనంతో పడవ నిండింది. సగం దూరం వెళ్లేసరికి పడమట మబ్బు నల్లగా కమ్ముకొచ్చింది. పేరయ్య పడవను వెనక్కి తిప్పాడు.

"ఏమయ్యా, పిరికిమందు తాగావా?" అని ఒకడు అరిచాడు. "ముందుకు పోనీ! ఇంతదూరం వచ్చి వెనక్కేంటి?" అని మిగిలినవాళ్లూ గోల చేశారు.

పేరయ్య మొహం ఎర్రబడింది. అయినా చుక్కాని మీది చెయ్యి కదపలేదు.

"తిట్టండి. ఒడ్డున దిగాక ఇంకా తిట్టండి," అన్నాడు.

ఆఖరి మనిషి దిగే వరకు అతను పడవ దగ్గరే నిలబడ్డాడు.

ఎవరి మేలు కోసం పట్టు పట్టామో మరిచిపోతే, పట్టుదల కాస్తా మొండితనం అవుతుంది.