ఒక పళ్ళెం పులిహోర, ఒక డబ్బా పెట్రోలు

నీలగడ్డ రాజావారికి కోపం వస్తే మీసం వణుకుతుంది. ఆ పూట మీసం వణుకుడు చూసి సభంతా వణికింది. ఎందుకంటారా? కొత్త మోటారు మళ్ళీ దారిలో ఆగిపోయింది!

ఆగడమంటే అలా ఇలా కాదు. రాజావారు రాణీ రత్నమాంబగారిని స్వయంగా పుట్టింటికి తీసుకెళ్తుంటే, వంకాయలపాలెం సంత నడిబొడ్డున పెట్రోలు అయిపోయి చతికిలబడింది. ఎద్దుల్ని కట్టి వెనక్కి లాక్కొచ్చారు. సంతకొచ్చిన జనం కొంగులూ కండువాలూ అడ్డం పెట్టుకుని ఒకటే నవ్వు. "చచ్చినా మళ్ళీ ఈ బండెక్కను" అని రాణీగారు మేడెక్కి కూర్చున్నారు.

"డబ్బాడు పెట్రోలు పోస్తే సగం దారికే అయిపోతుందా? ఎవడు తాగుతున్నాడు దాన్ని?" అని రాజావారు గర్జించారు.

ఆ మాట కోసమే కాచుకుని కూర్చున్నాడు భుజంగరావు. రాజావారు ఎటు కదిలినా వెండి బెత్తం పట్టుకుని ముందు నడుస్తూ బిరుదులు చదవడం ఈయన కొలువు. పల్లకీల రోజుల నాటి ఆచారం. మోటారొచ్చాక కూడా మానితేనా మహానుభావుడు! ఈయన ముందు నడుస్తాడు, మోటారు వెనకాల పాక్కుంటూ రావాలి. ఈయన ఆగి బిరుదు చదివితే అదీ ఆగాలి. ఒకసారి డ్రైవరు మస్తాను విసుగెత్తి హారన్ కొట్టాడు. ఆ అవమానం భుజంగరావు కడుపులో ఇంకా కుతకుతలాడుతూనే ఉంది.

"మహాప్రభూ! ఒక్క పళ్ళెం పులిహోర తిని రాణీగారి పుట్టింటిదాకా నడిచెళ్ళగలను నేను. అంత యంత్రం సగం దారిలో ఆగిందంటే ఏమిటర్థం? మస్తాను పెట్రోలు అమ్ముకుంటున్నాడు!"

మస్తాను మొహంలో నెత్తురు చుక్క లేదు. "దొరా, నా బిడ్డల మీద ఒట్టు. ఒక్క చుక్క కూడా..." అంటూ కాళ్ళ మీద పడ్డాడు పాపం.

"రేపు సాయంత్రంలోగా దొంగ తేలాలి. లేదంటే నీ కొలువూ లేదు, ఈ ఊళ్ళో నీకు చోటూ లేదు" అన్నారు రాజావారు.

అప్పుడు లేచాడు ఆస్థాన విదూషకుడు పేరిశాస్త్రి, ముక్కుపొడి చిటికెడు పీల్చి.

"ప్రభూ, దొంగ సంగతి తర్వాత. ఒక్క పళ్ళెం పులిహోరతో అంత దూరమా! అలాంటి మనిషికి మోటారుకు జరిగే మర్యాదలన్నీ జరగొద్దూ? రేపు భుజంగరావుగారు నడవాలి. ఆయన ముందు నేను నడిచి ఆయన బిరుదులు చదువుతాను."

జీవితమంతా పరాయి బిరుదులు చదివి గొంతు అరగదీసుకున్న మనిషి. తనకీ బిరుదులనేసరికి భుజంగరావు ఉబ్బితబ్బిబ్బైపోయాడు. ఇంకేం ఆలోచిస్తాడు? "తప్పకుండా!" అనేశాడు.

తెల్లారింది. భుజంగరావు పులిహోర లాగించి, కండువా సర్దుకుని కోట గుమ్మంలోకి వచ్చాడు. రాజావారు గుర్రమెక్కి సిద్ధంగా ఉన్నారు. మేడ మీద కిటికీ తలుపు కొంచెం తెరుచుకుంది.

"ముందు రాజలాంఛనాలు!" అన్నాడు శాస్త్రి. నెత్తిన ఇత్తడి గంగాళం పెట్టించాడు. ఒక చంకలో గ్రామఫోను, ఇంకో చంకలో వెండి కూజా. వీపున తివాచీ చుట్ట.

"ఇదేం అన్యాయమయ్యా!"

"ఎప్పుడూ మోటారులో ఉండేవేగా! ఇవి లేకపోతే రాజుగారి పరువేం కావాలని దగ్గరుండి ఎక్కించేది తమరే!"

శాస్త్రి ఆయన వెండి బెత్తం తను అందుకుని ఊపుతూ బయల్దేరాడు. నాలుగడుగులు వేశాడో లేదో టక్కున ఆగాడు.

"ఆగండి! బిరుదు చదవాలి. పండిత కంఠీరవా! సభా భూషణా!"

భుజంగరావు ఆగాడు. గంగాళం ఊగింది.

"అలా ఊరికే నిలబడితే ఎలా? మోటారు ఆగినా ఇంజను ఆడుతూనే ఉంటుంది. కాళ్ళాడించండి!"

ఆడించాడు. చుట్టూ చేరిన జనం ఈలలేశారు.

"ఊఁ, ఇక దూకండి! నేను ముందుకెళ్ళిపోయాను!"

దూకాడు. మళ్ళీ ఆగమన్నాడు శాస్త్రి. మళ్ళీ కాళ్ళాట, మళ్ళీ దూకుడు. కోట వీధి మలుపైనా తిరగలేదు, భుజంగరావు గంగాళంతో సహా దభీమని కూలబడ్డాడు.

"శాస్త్రీ, నీ కాళ్ళు పట్టుకుంటాను! ప్రాణం పోతోంది. ఇంకో పళ్ళెం పులిహోర తెప్పించవయ్యా!"

పేరిశాస్త్రి గిరుక్కున రాజావారి వైపు తిరిగి చేతులు జోడించాడు.

"దొంగ దొరికాడు ప్రభూ! పొద్దున తిన్న పులిహోర ఈయన ఎవరికో అమ్ముకున్నాడు!"

రాజావారు గంగాళం వైపు చూశారు. శాస్త్రి చేతిలో బెత్తం వైపు చూశారు. కళ్ళు తుడుచుకుంటున్న మస్తాను వైపు చూశారు. మీసం వణికింది. ఈసారి కోపంతో కాదు, గుర్రం బెదిరేటంత నవ్వుతో!

"మస్తానూ, నిన్ను అనుమానించాను, నాదే తప్పు. నీ కొలువు నీదే" అని తన శాలువా తీసి కప్పారు. తర్వాత మెల్లిగా గొణిగారు. "సామానంటే దింపేద్దాం శాస్త్రీ. కానీ బిరుదులు లేకుండా అత్తారింటికెళ్తే మా మర్యాద ఏం కాను?"

"దానికేం భాగ్యం! భుజంగరావుగారిని ముందురోజే పంపించండి. మీరు దిగేసరికి గుమ్మంలో ఆయనా, బిరుదులూ సిద్ధం. దారి ఖర్చంటారా..."

శాస్త్రి కింద కూర్చున్న భుజంగరావు వైపు ఓరగా చూశాడు.

"ఒక్క పళ్ళెం పులిహోర!"

వీధి వీధంతా గొల్లుమంది. రాజావారు మెళ్ళో హారం తీసి శాస్త్రి మెడలో వేశారు. అంతలో మేడ మీద కిటికీ బార్లా తెరుచుకుంది. నవ్వాపుకోలేక రాణీగారు కేకేశారు.

"మస్తానూ, బండి తియ్యి! మా అమ్మకి ఈ కథ వేడివేడిగా చెప్పాలి!"