చేతులు మారిన మోదుగాకు

అనగనగా ఒక అడవి ఉండేదమ్మా. చెట్ల కంటే రాళ్ళే ఎక్కువున్న అడవి. ఎటు చూసినా కొండలు, కొండల మీద బండలు, బండల సందుల్లో మోదుగ చెట్లు. ఆ అడవిలో ఒక పెద్ద గుహ. పెద్దవాళ్ళంతా పొద్దున్నే మేతకి పోతారు కదా, మరి పిల్లల్ని ఎక్కడ వదలాలి? ఆ గుహలోనే వదిలేవాళ్ళు. కుందేలు పిల్లలు, దుప్పి పిల్లలు, ఉడుము పిల్లలు, ఆఖరికి రాజుగారి పిల్ల కూడా అక్కడే.

రాజుగారంటే సింహం అనుకుంటున్నారేమో. ఆ అడవిలో సింహాలు లేవు. ఎలుగుబంటే రాజు. మంచివాడే పాపం. ఇప్పపువ్వు తినేవాడు, తేనె తాగేవాడు, ఎవర్నీ ఒక్క మాట అనేవాడు కాదు. కాకపోతే నిద్ర ఎక్కువ.

ఆ గుహలోనే సూదక్క పిల్లలు కూడా ఉండేవాళ్ళు. సూదక్క అంటే ముళ్ళపంది. దానికి ఇద్దరు పిల్లలు. ఒకదాని పేరు గుచ్చి, ఇంకోదాని పేరు గిచ్చి.

ఒకరోజు సాయంత్రం సూదక్క పిల్లల్ని తీసుకెళ్దామని వచ్చింది. చూస్తే గుచ్చి నెత్తి నిండా ఇసుక.

"ఎక్కడ దొర్లావే?" అంది సూదక్క.

"నేను దొర్లలేదమ్మా. పైనుంచి రాలింది. రోజూ రాలుతుంది."

"నిన్నటికంటే ఇవాళ ఎక్కువ రాలిందమ్మా," అంది గిచ్చి, అదేదో తను చేసిన ఘనకార్యం అన్నట్టు.

సూదక్క తలెత్తి చూసింది. గుహ కప్పు ఒకటే పెద్ద బండ కదా, దానికి ఈ చివర నుంచి ఆ చివరకి పగులు. ఆ బండ కిందే కదా పిల్లలు రోజంతా ఆడుకునేది.

ఇక్కడ మీకు ఆ అడవి పద్ధతి ఒకటి చెప్పాలి. ఒకప్పుడు ఎవరికే కష్టం వచ్చినా అందరూ కట్టగట్టుకుని రాజుగారి మీద పడేవాళ్ళు. ఒకరు అరుస్తుంటే ఇంకొకరు ఏడుస్తుంటే ఆయనకి ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అందుకని ఒక ఏర్పాటు చేశాడు. కష్టం కనపడితే ఒక మోదుగాకు కొయ్యాలి. దాన్ని గుహ కాపలా ముంగిసకి ఇచ్చి సంగతి చెప్పాలి. ముంగిస దాన్ని కొండల పెద్ద కొండముచ్చుకి ఇస్తాడు. కొండముచ్చు మంత్రి దుప్పమ్మకి ఇస్తాడు. దుప్పమ్మ రాజుగారికి ఇస్తుంది. మంచి ఏర్పాటే. మొదట్లో బాగానే నడిచింది కూడా.

కానీ రాను రాను ఏమైందంటే, ఆకు చేతిలో ఉన్నంతసేపే కష్టం మనది, ఆకు చెయ్యి మారితే కష్టం కూడా చెయ్యి మారినట్టే అని అందరికీ అలవాటైపోయింది. ఆకు ఎంత తొందరగా వదిలించుకుంటే అంత గొప్ప. ఇక రాజుగారైతే, తన దాకా వచ్చిన ఆకులన్నీ పరుచుకుని వాటి మీదే పడుకునేవాడు. పరుపు మెత్తగా ఉంటే రాజ్యం చక్కగా నడుస్తున్నట్టు లెక్క.

సరే, సూదక్క ఆకు కోసుకుని ముంగిస దగ్గరికి వెళ్ళింది.

"తమ్ముడూ, గుహ కప్పు పగిలిందయ్యా."

"తెలుసక్కా. నా మీద కూడా రాలుతోంది," అన్నాడు ముంగిస.

"తెలిస్తే ఆకు కొయ్యలేదేం?"

"నేను ఆకు తీసుకునేవాణ్ణి అక్కా. కోసేవాణ్ణి కాదు."

సూదక్క ఆకు అతని చేతిలో పెట్టింది. పెట్టగానే ఒళ్ళు తేలికైపోయింది. అబ్బ, చెప్పేశాను కదా, ఇంక వాళ్ళే చూసుకుంటారు అనుకుంది. ఇంటికెళ్ళి హాయిగా పడుకుంది. మర్నాడు పిల్లల్ని మళ్ళీ అదే గుహలో వదిలింది.

కొన్నాళ్ళు గడిచాయి. ఇసుక బదులు గులకరాళ్ళు రాలడం మొదలైంది. సూదక్కకి భయమేసింది. ముంగిసని అడిగింది.

"ఆకు ఆరోజే పంపేశానక్కా. నా దగ్గర ఏ ఆకూ పచ్చి ఆరనివ్వను," అన్నాడు ముంగిస గర్వంగా.

సూదక్క కొండెక్కి కొండముచ్చు దగ్గరికి వెళ్ళింది. ఆయన ఎత్తైన బండ మీద కూచుని తోక సవరించుకుంటున్నాడు.

"బాబాయ్, గుహ కప్పు సంగతి ఏం చేశావు?"

"రాయి పడిందా?" అన్నాడు కొండముచ్చు.

"పడలేదు. పడేట్టుంది."

"అదీ సంగతి. పడ్డ రాళ్ళు నావి. పడని రాళ్ళు కొండవి. ఇందులో నాకేం పనుంది చెప్పు?"

"పడితే పిల్లల మీద పడుతుంది బాబాయ్."

"పడనీ, అప్పుడు చూడు నా పని. చిటికెలో తీయించేస్తా," అన్నాడు కొండముచ్చు. "అయినా నీ ఆకు నేనేం దాచుకోలేదులే. దుప్పమ్మకి ఇచ్చేశా."

సూదక్క కొండ దిగి దుప్పమ్మ దగ్గరికి వెళ్ళింది. దుప్పమ్మ తీరిగ్గా నెమరేస్తోంది.

"వదినా, నా ఆకు నీ దగ్గరికి వచ్చిందా?"

దుప్పమ్మ నెమరెయ్యడం ఆపింది. కాసేపు ఆకాశం వంక చూసింది.

"వచ్చింది సూదమ్మా. కానీ చూడు, ఏమీ అనుకోకు. ఆకు లేతగా ఉంది. పరధ్యానంలో తినేశాను."

"తినేశావా?"

"ఆకులు తినే నాకు ఆకులు మోసే ఉద్యోగం ఇచ్చింది రాజుగారు. తప్పు నాదొక్కదానిదేనా?"

"సరే, తింటే తిన్నావు. సంగతి రాజుగారికి చెప్పావా?"

"ఆకు లేకుండా సంగతెట్లా చెప్తానమ్మా? అడిగితే ఏం చూపించను?"

సూదక్కకి నవ్వాలో ఏడవాలో తెలీలేదు. పక్కనే ఉన్న చెట్టు నుంచి ఇంకో ఆకు కోసింది. ఈసారి బాగా ముదురుది చూసి మరీ కోసింది. "పద వదినా, నేను కూడా వస్తా," అంది.

ఇద్దరూ రాజుగారి పొద దగ్గరికి వెళ్ళారు. లోపల గురక వినపడుతోంది. దుప్పమ్మ సూదక్కని బయటే ఆపేసింది.

"నువ్వు లోపలికి రాకూడదు. నువ్వు ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తావు. తేనె తాగి పడుకున్న మనిషికి బండ కూలుద్ది అని చెప్తే అరుగుతుందా? నేను నిదానంగా చెప్తాలే."

లోపలికి వెళ్ళి ఏం చెప్పిందో తెలుసా? "దొరా, పిల్లల గుహలో కాస్త ఇసుక పడుతోందట," అని చెప్పింది.

రాజుగారు ఒక కన్ను తెరిచాడు. ఆకు తీసుకున్నాడు. నడుం కింద గరుగ్గా ఉన్నచోట సర్దుకున్నాడు. "ఇసుకే కదా. ఊడ్పించండి," అన్నాడు. మళ్ళీ కన్ను మూశాడు.

దుప్పమ్మ బయటికొచ్చి, "పనైపోయింది సూదమ్మా. రాజుగారి ఆజ్ఞ కూడా అయింది," అంది.

ఆ ఆజ్ఞ దుప్పమ్మ కొండముచ్చుకి చెప్పింది, కొండముచ్చు ముంగిసకి చెప్పాడు. ముంగిస మర్నాటి నుంచే చీపురు పట్టాడు. అబద్ధం చెప్పకూడదు గానీ, పని మాత్రం శ్రద్ధగా చేశాడమ్మా. పొద్దున ఊడ్చాడు, మధ్యాహ్నం ఊడ్చాడు, సాయంత్రం ఊడ్చాడు. రాలిన ఇసుక రాలినట్టే మాయం. తల్లులందరికీ ఒకటే సంబరం. "గుహ ఎప్పుడైనా ఇంత శుభ్రంగా ఉందా? అంతా సూదక్క ఆకు పుణ్యం," అన్నారు.

సూదక్క మాత్రం తలెత్తి చూసింది. పగులులో మొన్నటిదాకా సూది పట్టేది. ఇప్పుడు తన పిడికిలి దూరేట్టుంది. అయినా సంగతి రాజుగారి దాకా వెళ్ళింది కదా అని పిల్లల్ని అక్కడే వదిలింది.

మృగశిర కార్తె వచ్చింది. ఒకరోజు సూదక్క దుంపలు తవ్వుకుంటుంటే ఉన్నట్టుండి మబ్బు కమ్మింది. చినుకులు కాదు, కుండపోత. సూదక్కకి పగులు గుర్తొచ్చింది. నోట్లో దుంప అక్కడే వదిలేసి పరుగెత్తింది.

గుహ ముందుకి వచ్చి చూస్తే ఏముంది, పగులులోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. లోపల బండ ఉండుండి టక్కు టక్కుమంటోంది. అలవాటు చూశారా, సూదక్క చెయ్యి దానంతటదే మోదుగ కొమ్మ మీదికి పోయింది. ఆకు కోసింది కూడా. కోసి, దాన్ని చూసింది. ఇప్పుడు ఇది ముంగిసకి ఇవ్వాలి. ముంగిస కొండెక్కాలి. కొండముచ్చు కొండ దిగాలి. దుప్పమ్మ తినకుండా ఉండాలి. రాజుగారు లేవాలి. అప్పటిదాకా ఈ బండ ఆగుతుందా?

ఆకు బురదలో పారేసి లోపలికి దూరింది.

"పిల్లలూ, బయటికి పదండి. అందరూ, ఇప్పుడే."

ముంగిస చీపురు అడ్డం పెట్టాడు. "సాయంత్రం కాకుండా పిల్లల్ని పంపకూడదక్కా. పైగా బయట వాన. ఎవరైనా తడిస్తే నన్నడుగుతారు." గొంతు తగ్గించి, "పోనీ ఒక పని చెయ్యి. నీ పిల్లలిద్దర్నీ తీసుకుపో. నేను చూడనట్టు అటు తిరుగుతా," అన్నాడు.

గుచ్చి, గిచ్చి అప్పటికే వచ్చి అమ్మ కాళ్ళకి చుట్టుకున్నాయి. అలాగే తీసుకుని వెళ్ళిపోవచ్చు. ఎవరూ ఏమీ అనరు. సూదక్క మిగతా పిల్లల వంక చూసింది. కుందేలు పిల్ల ఒకటి కారే నీళ్ళ కింద నోరు తెరిచి తాగుతోంది.

"వాళ్ళ అమ్మలు కూడా నాలాగే, ఎవరో చూసుకుంటారని మేతకి పోయారు తమ్ముడూ," అంది సూదక్క. "ఇక్కడున్న అమ్మని నేనొక్కదాన్నే."

అని వెనక్కి తిరిగింది. ముళ్ళపంది వెనక్కి తిరిగిందంటే పారిపోవడానికి కాదు. ముళ్ళన్నీ నిక్కబొడిచి గలగలలాడించింది. వెనక్కి వెనక్కి నడుస్తూ ముంగిస మీదికి వచ్చింది.

"అక్కా, అక్కా, గుచ్చుకుంటాయి," అంటూ ముంగిస గెంతుకుంటూ పక్కకి తప్పుకున్నాడు.

పిల్లలకి ఇదేదో కొత్త ఆట అనిపించింది. గలగల వినపడగానే కేరింతలు కొడుతూ బయటికి ఉరికారు. రాజుగారి పిల్ల ఒక్కటే లేవలేదు. తండ్రి నిద్రే వచ్చింది దానికి. సూదక్క వెళ్ళి ఒక్క ముల్లు తగిలించింది. అందరికంటే ముందు అదే బయటపడింది.

వానకి భయపడి తల్లులు కూడా అప్పుడే వచ్చారు. చూస్తే పిల్లలంతా ఎదురు మిట్ట మీద తడిసి ముద్దైపోయి ఉన్నారు. కుందేలమ్మకి ఒళ్ళు మండింది.

"నీకేమైనా మతి పోయిందా సూదక్కా? నా పిల్లకి జలుబు చేస్తే నువ్వు చూస్తావా?"

"చూస్తాలే వదినా. మిరియాల కషాయం కూడా నేనే కాస్తా. ముందు ఇటు జరుగు."

అంతలో ముంగిసకి చీపురు గుర్తొచ్చింది. "అయ్యో, రాజుగారి చీపురు లోపలే ఉండిపోయింది. పోతే నన్నడుగుతారు," అంటూ లోపలికి పరుగెత్తాడు. సూదక్క వద్దు వద్దని అరుస్తూనే ఉంది.

చీపురు అందుకున్నాడు, వెనక్కి దూకాడు. దూకడం, బండ కూలడం రెండూ ఒకేసారి జరిగాయి. అడవి అడవంతా అదిరింది. ముంగిస బయటపడ్డాడు గానీ తోక కొస బండ కింద ఉండిపోయింది. మళ్ళీ మొలవలేదు.

కుందేలమ్మ పిల్లని గట్టిగా పొట్టకి హత్తుకుని సూదక్క పక్కన వచ్చి నిలబడింది.

చప్పుడుకి రాజుగారు లేచి పరుగెత్తుకొచ్చాడు. ముందు తన పిల్లని వెతుక్కుని ఎత్తుకున్నాడు. తర్వాత అడిగాడు.

"బండ పగిలిందని ఎవరికైనా తెలుసా?"

"నాకు తెలుసు దొరా. చెప్పేశాను," అన్నాడు ముంగిస తోక పట్టుకుని.

"నాకూ తెలుసు. నేనూ చెప్పేశాను," అన్నాడు కొండముచ్చు. "ఇప్పుడు పడింది కాబట్టి ఇంక నాదే. తీయించేస్తా."

"నాకూ తెలుసు దొరా," అంది దుప్పమ్మ నేల చూపులు చూస్తూ. "కాకపోతే మీకు ఇసుక అని చెప్పాను."

సూదక్క ముందుకొచ్చింది. "నేను కూడా తక్కువ దాన్నేం కాదు దొరా. మొదటి ఆకు ఇచ్చిన రోజు ఇంటికెళ్ళి కాళ్ళు చాపుకుని పడుకున్నాను. ఆకు మాత్రం అందరం భద్రంగా చేతులు మార్చుకున్నాం. బండ సంగతి ఎవరం చూడలేదు."

రాజుగారు కూలిన బండ వంక చూశాడు. "ఇసుక అన్నారు. ఆ ఇసుక ఎక్కడి నుంచి వస్తోందని నేను అడగలేదు," అన్నాడు. "ఒక్క దుంగ ఆసరా పెడితే ఆగేది. ఆ దుంగ నేనే ఎత్తగలను. ఒక్క పూట పని."

ఆ వానాకాలమంతా కష్టమే అయింది. గుహ లేదు కదా, పిల్లలు చెట్ల తొర్రల్లో, పొదల కింద తుమ్ముకుంటూ గడిపారు. సూదక్క మాట తప్పలేదు, కషాయం కాస్తూనే ఉంది. వానలు తగ్గాక ఇంకో గుహ వెతుక్కున్నారు. పిల్లలకంటే ముందు రాజుగారే లోపలికి వెళ్ళి, కప్పు తట్టి, దాని కింద కాసేపు కూచుని వచ్చాడు. కొత్త పద్ధతి కూడా పెట్టాడు. అపాయం కనపడితే ముందు పిల్లల్ని బయటికి తియ్యాలి, ఆకు తర్వాత. ఆకు ఇచ్చినవాళ్ళూ, తీసుకున్నవాళ్ళూ ఇద్దరూ కలిసి వెళ్ళి ఆ చోటు చూడాలి. పని అయిందని కళ్ళారా చూసేదాకా, ఆకు చెయ్యి మారినా కష్టం మాత్రం ఎవరి చెయ్యీ దాటినట్టు కాదు.

ఒకరోజు కొత్త గుహలో పైనుంచి ఒక చిన్న రాయి టప్పుమని పడింది. ముంగిస ఎవర్నీ అడగలేదు. పిల్లలందర్నీ బయటికి తరిమి, రాజుగారికి కబురు పెట్టాడు. రాజుగారు వచ్చాడు, కొండముచ్చు వచ్చాడు, దుప్పమ్మ వచ్చింది. అందరూ లోపలికి వెళ్ళి చూస్తే, పైన ఒక తొండ. అది అటూ ఇటూ పరుగెడుతుంటే దాని కాలు తగిలి రాయి పడింది.

కొండముచ్చు పగలబడి నవ్వాడు. "తొండకి భయపడి అడవంతా కదిలించావా తోక తెగిన వీరా?"

ముంగిస సిగ్గుతో ముడుచుకుపోయాడు.

రాజుగారు అతని వీపు తట్టాడు. "నవ్వనీలేవోయ్. ఉత్తపుణ్యానికి బయటికొస్తే మనకి పోయిందేముంది? కాసేపు ఎండ తగిలింది. నువ్వు మాత్రం రేపు ఇంకో రాయి పడినా ఇలాగే తరుము."

పిల్లలు మళ్ళీ లోపలికి వెళ్ళి ఆడుకున్నారు.

నీతి: అపాయం ఉందని పైవాళ్ళకి చెప్పేస్తే మన పని అయిపోదు, అది తొలగిందని కళ్ళారా చూసేదాకా తెలిసిన ప్రతి ఒక్కరిదీ ఆ బాధ్యతే.