ఎండిన చేతుల పంక్తి

పూర్ణబోధస్వామి ఏ ప్రశ్నకైనా కూర్చుని జవాబు చెప్పడం మఠంలో ఎవరూ చూసి ఎరగరు. అడిగినవాణ్ణి ఏదో ఒక పనిలోకి లాక్కుపోవడం ఆయన అలవాటు. భోజనశాల పెద్దరికమంతా నెత్తిన వేసుకున్న శిష్యుడు యజ్ఞనారాయణ ఓనాడు, "ఆకలిని జయించడం ఎలా స్వామీ?" అని అడిగాడు. "వడ్డన అయింది, పద" అన్నారాయన.

ఆ పంక్తి చివర భ్రమరాంబ కూర్చుంది. ఆవిడా పాత శిష్యురాలే. కడుపులో కాన్సర్ వస్తే డాక్టర్లు పొట్ట ముప్పాతిక భాగం కోసి తీసేశారు. "కొంచెం కొంచెంగా, మెత్తగా నమిలి, రెండు గంటలకోసారి తినండి. ఇంకా బరువు తగ్గితే మిగతా మందు ఎక్కించలేం" అని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. చెప్పడానికేం, మఠం పంక్తికో నియమం ఏడిసింది కదా! స్వామి చివర అరచేతిలో నీళ్ళు పోయించుకుని ఉత్తరాపోశనం పట్టగానే అందరూ కలిసి లేవాలి. అంతకుముందు ఎవరూ లేవకూడదు, ఆ తరవాత ఎవరూ కూర్చుని ఉండకూడదు. ఆవిడ నాలుగో ముద్ద నములుతుండగానే అందరి ఆకులూ ఖాళీ అయ్యేవి. సిగ్గుపడి, సగం అన్నం వదిలేసి లేచేది. జాకెట్లన్నీ వదులైపోయాయి. ఇలా మర్యాదకి పోయి చావడానికా అంత కోత కోయించుకుంది? ఆ కోపం ఆవిడ లోపల కుతకుతలాడుతూనే ఉంది.

ఆ రోజూ స్వామి చేతిలోకి నీళ్ళు పోయించుకున్నారు. యజ్ఞనారాయణ తన ఆకు ముందు నుంచే పంక్తి చివరికి చూసి గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, మీ ఒక్కరి కోసం ఇంతమందీ ఎంగిలిచేతులతో కూర్చోవాలా? ఆకలిని కాస్త అదుపులో పెట్టుకోవాలి."

భ్రమరాంబ నోట్లో ముద్ద మెత్తగా నమిలింది. మింగి, తలెత్తింది.

"కోసింది నా పొట్టని నాయనా, నోటిని కాదు. ఈ పప్పన్నం అయ్యేదాకా నేను లేవను. నియమం తప్పితే తప్పనీ, నేను బతకాలి!"

పంక్తంతా నోరు వెళ్ళబెట్టింది. స్వామి అరచేతిలో నీళ్ళు ఆకు పక్కన వంపేసి, "మజ్జిగ ఇంకొంచెం పోయండి" అన్నారు. ఇంకేముంది, ఎవరికీ లేచే దారి లేదు. వేళ్ళకంటిన మెతుకులు ఎండి బిరుసెక్కాయి. యజ్ఞనారాయణ ఇటు ఒరిగాడు, అటు ఒరిగాడు, మోకాలు నొక్కుకున్నాడు, బుసలు కొట్టాడు. భ్రమరాంబ మాత్రం ఒక్కరి మొహమూ చూడలేదు. అన్నం చిదిమి, నెయ్యి కలిపి, నమిలి నమిలి, ఆకులో మెతుకు లేకుండా తింది. అప్పుడు గానీ స్వామి నీళ్ళు అడగలేదు.

చేతులు కడుక్కునే చోట యజ్ఞనారాయణ ఉండబట్టలేక, "నా ప్రశ్న అలాగే ఉండిపోయింది స్వామీ" అన్నాడు.

"ముందు నిండిన కడుపుతో కూర్చోవడం నేర్చుకో. రెండు గంటల్లో ఆవిడకి మళ్ళీ ఆకు వేస్తారు. నువ్వూ వచ్చి కూర్చో" అన్నారు స్వామి.