వరహాలమ్మ కత్తెర

విజయనగరంలో వరహాలమ్మ అనే దర్జీ ఉండేది. మనసు వెన్నే గానీ, కత్తెర దగ్గర మాత్రం పరమ పిసినారి.

చదువు మధ్యలో ఆగిపోయి, పని దొరక్క తిరిగే కుర్రకారుని చేరదీసి ఇంటి వసారాలో కుట్టుపని నేర్పేది. వాళ్లు కుట్టిన బడి యూనిఫారాలు అమ్మి, వచ్చిన దాంట్లోంచే వాళ్లకి మధ్యాహ్నం భోజనం పెట్టి, నెలకింతని చేతిఖర్చు ఇచ్చేది. కాజాలు, గుండీలు, మిషను కుట్టు అన్నీ నేర్పేది. కత్తెర మాత్రం ఆవిడ నడుముకి నాడాతో వేలాడేది. ఎవరైనా చెయ్యి చాపితే, "కుట్టు తప్పితే విప్పుకోవచ్చు. కత్తెర తప్పితే గుడ్డ పోయినట్టే," అనేది. అందరి గుడ్డలూ ఆవిడే కటింగు చేసేది.

ఆ కుర్రాళ్లలో సింహాచలం చురుకైనవాడు. పదో తరగతి తప్పి, హోటల్లో కప్పులు కడిగి, చివరికి ఇక్కడికి చేరాడు. తండ్రి మంచాన పడ్డాక ఇంటికి అతనే దిక్కు. అతను కుడితే గీత గీసినట్టుండేది. బజారులో ఒక పెద్ద బట్టల కొట్టుకి దర్జీ కావాలని తెలిసి, వరహాలమ్మ స్వయంగా వెళ్లి, "మావాడి పనికి మీరు వంక పెట్టలేరు బాబూ," అని చెప్పి వచ్చింది.

పొద్దున వెళ్లిన సింహాచలం భోజనాల వేళకే తిరిగొచ్చాడు. మొహం వాడిపోయి ఉంది.

"ఏటయిందిరా?" అంది వరహాలమ్మ.

"చొక్కా గుడ్డిచ్చి కటింగు చెయ్యమన్నారు పిన్నీ. సుద్దతో గీసేను. కత్తెర పట్టుకుంటే అది గీత మీద నడవలేదు."

"రెండేళ్లుగా నన్ను చూస్తన్నావు కదరా."

"చూసేను గానీ, ఒక్కసారైనా కొయ్యనిచ్చేవా?"

ఒడ్డున కూర్చోబెట్టి ఈత నేర్పినట్టుంది తన నిర్వాకం అనుకుంది వరహాలమ్మ. కొట్టువాళ్లు వేరే మనిషిని పెట్టుకున్నారు. సింహాచలం మళ్లీ కప్పులు కడగడానికి పోతానంటే ఆవిడకి నిజంగానే ఏడుపొచ్చింది. నడుముకున్న నాడా విప్పి, కత్తెర అతని చేతిలో పెట్టింది.

మొదటి చొక్కాకి చంక దగ్గర లోతుగా కోసేశాడు. మంచి గుడ్డ. ఆవిడ ప్రాణం ఉసూరుమంది గానీ, కత్తెర వెనక్కి తీసుకోలేదు. పాడైన గుడ్డని దిండు గలీబుగా కుట్టించింది. దసరా నాటికి ఆ ఇంట్లో దిండ్ల కన్నా గలీబులు ఎక్కువయ్యాయి. ఆ తర్వాత మాత్రం అతను కోసిన చొక్కాలు చొక్కాలే అయ్యాయి.

దీపావళి ముందు పని పెరిగి, అదే కొట్టువాళ్లు ఇంకో దర్జీ కోసం చూశారు. ఈసారి వరహాలమ్మ సిఫారసుకి వెళ్లలేదు. సింహాచలం ఒక్కడే వెళ్లాడు. భోజనానికి రాలేదు. ఆవిడ వీధి గుమ్మంలోకి పదిసార్లు వచ్చి చూసింది. దీపాలు పెట్టే వేళకి అతను వచ్చాడు. మెడలో కొలత టేపు తియ్యడం కూడా మరిచిపోయాడు.

"ఇవాళ్టినించే పనిలో పెట్టుకున్నారు పిన్నీ," అన్నాడు. వరహాలమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

మర్నాడు కొత్తగా చేరిన గౌరీశ్వరి గుడ్డ పరిచి, కత్తెర వంకరగా పట్టుకుంది. వరహాలమ్మ చెయ్యి తనంతట తనే ముందుకెళ్లింది. ఆవిడ ఆ చేతిని లాక్కుని, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడింది.

తప్పు చేయనివ్వకుండా ఎవరికీ పని నేర్పలేం. పట్టుకున్న చెయ్యిని సమయానికి వదలడం కూడా సాయమే.