చిగురయ్య తోక

ఆ అడవి మొత్తానికి తెలివంటే తమదేనని చిగురయ్య ఇంటివాళ్ళకి గట్టి నమ్మకం. నడుము దాకా మనుషులు, ఆ కింద మేకలు, నెత్తిన కొమ్ములు, వెనక తోకలు. ఉతికిన బట్టలు ఆ కొమ్ముల మీదే ఆరేసుకుని, సాయంత్రం దాకా ఎండలో కదలకుండా నిలబడేవాళ్ళు. దండెం కట్టే బాధ తప్పిందని మురిసిపోయేవాళ్ళు.

చిగురయ్యకి ఒక్కటే దిగులు. ఫారెస్టు గార్డు గది కిటికీలోంచి టీవీలో ఓ జానపద సినిమా చూశాడు. అందులో మేకకాళ్ళ మనుషులకి తోకల్లేవు. లోకమంతా తమని తోకల్లేనివాళ్ళనుకుంటోందని కుమిలిపోయి అన్నం మానేశాడు. ఆకులు మాత్రం మానలేదు.

అలాంటిది, ఇంకో సినిమావాళ్ళు ఆ అడవికే వచ్చారు. వీళ్ళని చూడగానే డైరెక్టరు భానోజీ, మేకప్పు అక్కర్లేదని ఎగిరి గంతేశాడు.

"రాకుమారి దారి తప్పి వస్తుంది. మీరు ఎదురెళ్ళి దణ్ణం పెట్టాలి. నటించకండి. మీ ఇంట్లో ఎలా ఉంటారో అలాగే ఉండండి," అన్నాడు.

అంతే. రాకుమారి రాగానే చిగురయ్య పెళ్ళాం గిట్టమ్మ ఆమె జడలో పూలన్నీ నమిలేసింది. బావమరిది తుమ్మన్న దారికడ్డంగా పడుకుని గుర్రుపెట్టాడు.

"ఇంట్లో ఇంతేనండి," అన్నాడు చిగురయ్య వినయంగా.

భానోజీ పళ్ళు నూరుకుని, "సరే, ఈసారి తిన్నగా నడిచి రండి చాలు. ఎదురుగా కెమెరా లేదనుకోండి," అన్నాడు.

ఇంకేముంది, ముగ్గురూ తిన్నగా నడిచారు. కెమెరా వెళ్ళి వాగులో పడింది.

"లేనిదానికి పక్కకి తప్పుకుంటే చూసేవాళ్ళు నవ్వరూ?" అంది గిట్టమ్మ.

భానోజీకి ఒళ్ళు మండిపోయింది. "ఇంకో కెమెరా తెప్పిస్తున్నాను. ఇవాళ మళ్ళీ నా కళ్ళబడ్డారో, మిమ్మల్ని తీసేసి, ఊళ్ళోవాళ్ళ కాళ్ళకే బొచ్చు అంటించి సినిమా తీసేస్తాను."

చిగురయ్య గుండె జారిపోయింది. మళ్ళీ తోకల్లేని సినిమాయే. ముగ్గురూ పొద వెనక చేరి తలలు పట్టుకున్నారు.

"ఆయన కళ్ళబడకూడదు, సినిమాలో మాత్రం ఉండాలి. ఎలారా?" అన్నాడు చిగురయ్య.

"మనం చేసిన తప్పేముంది బావా? చిక్కంతా ఆయన కళ్ళతోనే," అన్నాడు తుమ్మన్న.

అంతే, చిగురయ్యకి దారి దొరికింది. కొత్త కెమెరా రాగానే ముగ్గురూ వెళ్ళి భానోజీని కుర్చీకి కట్టేశారు. తుమ్మన్న తలపాగా విప్పి కళ్ళకి గంతలు బిగించాడు.

"ఏం చేస్తున్నార్రా, నాకేం కనబడటం లేదు," అని గింజుకున్నాడు భానోజీ.

చిగురయ్య ప్రాణం కుదుటపడింది. కెమెరాకి వీపు తిప్పి, తోక వీలైనంత పైకెత్తి నిలబడ్డాడు.

"మాకు కావలసిందీ అదేనండి. ఇక తీసుకోండి. నా తోక బాగా పడుతోందో లేదో కాస్త చూసి చెప్పండి."